రగ్గుల ఆసామి

సొంత గుర్రాన్ని వ్యానులో ఎక్కించుకొని శనివారం పోటీలకు బయలుదేరే ఇంగ్లండు పల్లెల స్వారీ ప్రియులలో ఒక విశిష్ట జాతి కనిపిస్తుంది. మైదానంలో దూకవలసిన అడ్డుకర్రల ఎత్తు కన్నా, గంటసేపటి దారిలో గుర్రం వీపున ఏ రగ్గు కప్పాలన్నదే వీరికి ప్రధాన సమస్య కనుక, వీరిని రగ్గుల ఆసాములు అనడం సముచితం.

ఆసామి పాండిత్యానికి లోటు లేదు. చెమటను పైపొరకు లాగి ఆరబెట్టే పలుచని రగ్గు కూలర్ అనీ, పచ్చికబయలులో వానకు తడవకుండా వేసేది టర్నవుట్ అనీ, రొమ్ము మధ్య నుంచి పిరుదు చివరిదాకా కొలిచి 3 అంగుళాల తేడాతో సైజులు అమ్ముతారనీ, రగ్గు మందాన్ని లోపల నింపిన కృత్రిమ పీచు చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో, అంటే 100, 200, 300 అని, చెబుతారనీ ఎవరూ అడగకముందే వివరిస్తాడు. సొంత పిల్లల చొక్కా సైజు అడిగితే మాత్రం భార్య వైపు చూస్తాడు.

శాస్త్రమూ అతడికి కంఠస్థమే. సుమారు 5 నుంచి 25 డిగ్రీల సెల్సియస్ మధ్య ఆరోగ్యమైన గుర్రం అదనపు శ్రమ లేకుండానే ఒంటి వేడిని నిలుపుకుంటుందనీ, తిన్న ఎండుగడ్డి పెద్దపేగులో పులిసేటప్పుడు లోపల కుంపటి రాజేసినట్టే ఉంటుందనీ, వ్యాను మలుపు తిరిగినప్పుడల్లా నిలదొక్కుకోవడానికి కండరాలు పనిచేసి మరికొంత వేడి పుడుతుందనీ, మూసిన వ్యానులో ఊపిరి తేమ కూడా చేరుతుంది కనుక దారిలో చలి కన్నా ఉక్కే పెద్ద శత్రువనీ, గాలి ఆడేలా కిటికీలు తెరిచి పలుచని కూలర్ కప్పినా, అసలేమీ కప్పకపోయినా చాలాసార్లు సరిపోతుందనీ అతడెరుగును. అయినా తెల్లవారుజామున మంచులో నిలబడి అతడు సంప్రదించేది తన ముక్కు కొననే. ముక్కు చల్లబడితే 100 గ్రాములు, కాలివేళ్లు కూడా చల్లబడితే 200.

గుర్రం వేడెక్కిందో లేదో తెలియాలంటే రగ్గు కిందికి, మూపు వెనుకకు అరచేయి జొప్పించి చూడాలి. చెమ్మ తగిలితే రగ్గు ఎక్కువైనట్టు. ఆసామి మాత్రం చెవులు పట్టుకొని చూస్తాడు, చెవులు చల్లగా దొరుకుతాయి కనుక. న్యాయంగా చెప్పాలంటే, చలికాలపు బొచ్చును కత్తిరించిన గుర్రానికి, ముసలి గుర్రానికి రగ్గు అవసరమే. అయితే ఆసామి దృష్టిలో ప్రతి గుర్రమూ ముసలిదే, నిన్ననే బొచ్చు పోగొట్టుకున్నదే. గమ్యం చేరి వ్యాను తలుపు దించగానే గుర్రం ఒంటి నుంచి ఆవిరి లేస్తే, బయట ఎంత చలిగా ఉందో చూడమని పక్కవారికి చూపిస్తాడు.

అతడికి చరిత్రాభిమానమూ ఉంది. పందెపు గుర్రాలు రోజుల తరబడి నడిచి మైదానాలు చేరే కాలంలో, 1836లో, లార్డ్ జార్జ్ బెంటింక్ ఎలిస్ అనే గుర్రాన్ని ఆరు గుర్రాలు లాగే పెట్టెబండిలో గుడ్‌వుడ్ నుంచి డాంకాస్టర్‌కు చేర్పించాడు. అది ఇంకా దక్షిణాదిలోనే ఉందని పందెగాళ్లు లెక్కలు వేసుకుంటూ ఉండగా సెయింట్ లెజర్ పందెం గెలిచింది. ఇంత ఘనకార్యాన్ని వర్ణించేవారు బండి సంగతి చెబుతారే గాని, ఎలిస్ ఏ రగ్గు కప్పుకొని వెళ్లిందో చెప్పరని ఆసామి మనస్తాపం.

ఇటీవలి విజ్ఞానాన్నీ అతడు కాదనడు. నార్వేలో పరిశోధకులు 23 గుర్రాలకు పలకల మీది గుర్తులను మూతితో తాకి, రగ్గు వేయమనో, తీయమనో, ఉన్నట్టే ఉంచమనో చెప్పడం నేర్పి, ఫలితాలను 2016లో ప్రకటించారు. తడి, గాలి, చలి ఉన్న రోజున అవి వేయమన్నాయి, వెచ్చని రోజున తీయమన్నాయి. ఈ పరిశోధనను ఆసామి మనసారా మెచ్చుకొని, వడ్రంగి చేత అలాంటి పలకలు చేయిస్తాడు. శాల గోడకు వేలాడదీసేది మాత్రం వేయమనే పలక ఒక్కటే.