రెండో పుస్తకం పట్టుకు రండి

కలంకారీ పని నేర్పే తన తొలి పుస్తకం రాసిన ఒకావిడ, ‘సంప్రదాయ’ ప్రచురణకర్త కోసం విజయవాడ ఏలూరు రోడ్డంతా తిరిగారు.

సంప్రదాయమంటే ఆయన సొంత డబ్బుతో అచ్చువేసి, తనకు రాయల్టీ ఇవ్వడమని ఆవిడ అమాయకత్వం. మన సంప్రదాయం వేరు. పిల్లా మీదే, కట్నమూ మీదే, పెళ్లి ఖర్చూ మీదే. పెళ్లయ్యాక 500 ప్రతులూ పుట్టింటికే, మీ మంచం కిందికే.

మొదటాయన: “వంటల పుస్తకమైతే చూద్దామమ్మా.”

రెండో ఆయన: “చివర్లో కాస్త వాస్తు కలపండి.”

మూడో ఆయన ఉదారుడు. “వేద్దాం! రంగుల్లో మాత్రం గిట్టదు.” ఇంకేం, కరక్కాయ పువ్వు పసుపు, మంజిష్ఠ ఎరుపు, నీలిమందు నీలం... మూడూ బూడిద రంగే. ఏది ఏదో పాఠకుడు వాసన చూసి తెలుసుకోవాలి.

నాలుగో ఆయన: “మీ పాత పుస్తకాలు ఎన్ని పోయాయి?”

“ఇదే మొదటిదండీ.”

“అయితే రెండోది పట్టుకు రండి.”

కలంకారీ నలుపుకి తుప్పు ఇనుమూ బెల్లమూ నీళ్లలో వేసి మూడు వారాలు ఊరబెడితే చాలు, కసిం సిద్ధం. ఐదో ఆయన బీరువాలో రాతప్రతి ఏడాదిన్నరగా ఊరుతోంది.

నిన్న ఆయనే ఫోన్ చేశారు.

“అమ్మా, మా అమ్మాయి పెళ్లి. కలంకారీ చీర ఒకటి వేసిపెట్టాలి. అడ్వాన్సు ఇప్పుడే పంపిస్తా!”