కేకుకెల్ల వాసనబ్బు: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

మూలము

కాయ నిలువు చీల్చి గాజు సీసాలోన
దించి మునుగ వోడ్క తేట వోసి
మూత బిగియఁ బెట్టి మూల నార్నెల్లుంచ
వదిన! కేకుకెల్ల వాస నబ్బు

అవతారిక

ఈ పద్యం గుంటూరు మిర్చి యార్డు కాటా చీటీ వెనక పెన్సిలుతో రాసి ఉంది. కర్త పేరు లేదు. ‘వదిన’ అనే సంబోధనను బట్టి రాసింది ఆడపడుచని తేలుతున్నది. మరిది ఎందుకు కాకూడదు అంటారేమో. మరిదికి కేకు తినడంతో పని గాని చేసే విధానంతో పనేమిటి? గణాలు సరిపోయాయి. కా-గా, ది-తే, మూ-మూ, వ-వా అని యతులూ కుదిరాయి. వంటింటికి ఇంతకు మించిన ఛందస్సు అక్కర్లేదు.

మూలంలో లేనిది రాయనని మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు. ఈ టీకాకారుడు అలా ఒట్టు పెట్టుకుంటే మొదటి పాదం కూడా దాటలేడు. ఎందుకంటే పద్యం నిండా వెనిల్లా గురించే, వెనిల్లా అన్న మాట మాత్రం ఎక్కడా లేదు.

ప్రతిపదార్థము

కాయ = వెనిల్లా కాయను; నిలువు = నిలువునా; చీల్చి = మిరపకాయ బజ్జీకి పెట్టినట్టు ఒక పక్క గాటుపెట్టి; గాజు సీసాలోన = గాజుతో చేసిన సీసాయందు (ఫ్రిజ్‌లో నీళ్ళు పట్టుకునే ప్లాస్టిక్ సీసా కాదని భావం); దించి = లోపలికి జారవిడిచి; మునుగ = కాయ కొస కూడా పైకి తేలనట్టు; తేట = రంగులేని; వోడ్క = వోడ్కాను; వోసి = పోసి; మూత బిగియఁ బెట్టి = మూత గట్టిగా తిప్పి; మూలన్ = వెలుగు సోకని మూలను; ఆర్నెల్లు = ఆరు నెలలు; ఉంచన్ = ఉంచగా; వదిన = ఓ వదినా; కేకుకున్ ఎల్లన్ = కేకు మొత్తానికి; వాసన = పరిమళం; అబ్బున్ = పడుతుంది.

తాత్పర్యము

వదినా, షాపులో దొరికే చిన్న సీసా ఎసెన్సు మానేసి, ఇంట్లోనే వెనిల్లా సారం దించుకో.

విశేషములు

కాయ. గుంటూరులో ఉత్తినే కాయ అంటే మిరపకాయ. “ఇవాళ కాయ ఎంత పలికింది?” అని యార్డు గేటు దగ్గర అడిగితే ఏ కాయ అని ఎదురు ప్రశ్న వేసేవాడు ఊరికి కొత్తవాడు. కనక ఈ పద్యం ముందుగా వినేవాడి మనసులోకి తేజ కాయో సన్నం కాయో రావడం న్యాయమే. కేకులో మిరపకాయ ఏమిటని ముఖ్యార్థానికి బాధ కలిగి, లక్షణ చేత వెనిల్లా స్ఫురిస్తుంది. ఇది కవయిత్రి చమత్కారమని కొందరు, ‘వెనిల్లా’ గణంలో ఇమడక వదిలేసిందని కొందరు అంటారు. రెండో మాట నిజమే కావచ్చు. కానీ ఈ లక్షణ వెనక ఉన్న సంబంధం ఆమె అనుకున్నదానికన్నా దగ్గరిది. అది శంక దగ్గర చెప్తాం.

ఈ కాయ మన మెట్ట చేలో కాసేది కాదు. మెక్సికో అడవుల్లో చెట్లకు పాకే తీగ, ఆర్కిడ్ జాతి. ఫ్రెంచివాళ్ళు దాన్ని హిందూ మహాసముద్రంలో రీయూనియన్ దీవికి తెచ్చి నాటితే పువ్వు పూసింది గాని కాయ పట్టలేదు. 1841లో ఎడ్మండ్ అనే 12 ఏళ్ళ బానిస పిల్లవాడు చిన్న పుల్లతో పువ్వులోని అడ్డుపొరను పైకెత్తి, బొటనవేలితో పుప్పొడిని అద్ది కాయ పట్టించాడు. అప్పటికి వాడికి ఇంటిపేరు కూడా లేదు. 1848లో బానిసత్వం రద్దయ్యాక ఆల్బియస్ అన్నది వచ్చి చేరింది. వాడి పద్ధతితో తోటల యజమానులు బాగుపడ్డారు. వాడు పేదవాడిగానే 1880లో పోయాడు. నేటికీ మడగాస్కర్ తోటల్లో ప్రతి పువ్వుకూ అదే పని, అదీ పువ్వు విచ్చిన పూటే. కర్నూలు, గద్వాల వైపు సీడు పత్తి చేలల్లో క్రాసింగుకు పోయే కూలీలకు ఈ పని సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

పచ్చి వెనిల్లా కాయకు వాసన ఉండదు. వేడినీళ్ళలో ముంచి, గుడ్డల్లో చుట్టి చెమట పట్టించి, ఎండకూ నీడకూ మార్చి మార్చి ఆరబెడితే నెలల మీద నల్లబడి వాసన విచ్చుకుంటుంది. పండు మిరపను కుప్పపోసి రంగు తేలాక కల్లంలో ఆరేసే రైతు దీన్ని వింతగా చూడడు. ధర సంగతీ అంతే. 2003 ప్రాంతంలో ప్రపంచ మార్కెట్లో వెనిల్లా కిలో 500 డాలర్ల దాకా ఎగిరితే కేరళ, కర్ణాటక రైతులు ఎగబడి తీగలు నాటారు. కాయ చేతికొచ్చేసరికి రేటు నేలకు దిగింది. 2017 వేసవిలో మిరప టిక్కీలు (బస్తాలు) యార్డుకు తోలి, ఆ రేటుకు అమ్మలేక వెనక్కి తీసుకుపోలేక నిలబడ్డవాళ్ళకు ఈ కథ చివరిదాకా చెప్పనక్కర్లేదు.

గాజు సీసా. ఆవకాయకు జాడీ ఉండగా దీనికి సీసా ఎందుకు? జాడీది వెడల్పు నోరు, గుడ్డ వాసెన. దాన్లో పోస్తే ఆల్కహాలు ఎగిరిపోయి ఆర్నెల్లకు కాయలే మిగులుతాయి.

వోడ్క. ఇక్కడ పాఠాంతరం ఉంది. ఒంగోలు వైపు “దించి మునుగ రమ్ము తేట వోసి” అని చదువుతారు. గణం చెడదు. కానీ రమ్ము నల్లనిది, ‘తేట’ అన్న విశేషణం దానికి పొసగదు. పైగా ‘మునుగ రమ్ము’ అని విడదీస్తే “మునగడానికి రా” అని పిలుపు వినిపిస్తుంది. రమ్ము విషయంలో ఆ అర్థం లోకానుభవానికి సరిపోయినా వంట పద్యంలో అమంగళం. వోడ్కాకు సొంత రుచీ రంగూ లేవు, కాయ వాసనకు అడ్డురాదు. కనక అదే సాధుపాఠం.

అసలు మద్యమే ఎందుకు? నీళ్ళు పనికిరావు. కాయలోని జిగురు పదార్థాలు, వాసన నూనెలు నీటికి లొంగవు. ఆల్కహాలూ నీరూ కలిసిన ద్రవానికి లొంగుతాయి. వెనిల్లా సారం అని పేరు పెట్టాలంటే ఆల్కహాలు 35 శాతానికి తగ్గకూడదనీ, గ్యాలనుకు 13.35 ఔన్సుల కాయ పడాలనీ అమెరికా వాళ్ళ నిబంధన. మన కొలతలో లీటరుకు దాదాపు 100 గ్రాములు. మన దేశపు సీసాల మీద 42.8 శాతం అని రాసి ఉంటుంది గనక మొదటి షరతు తీరింది. రెండోదానికి లెక్క: క్వార్టరు సీసా 180 మి.లీ., దానికి 18 గ్రాములు, ఆరిన కాయ ఒక్కోటి సుమారు 3 గ్రాములు, అంటే 6 కాయలు. పద్యంలో ‘కాయ’ అని ఏకవచనం వేసింది. జాత్యేకవచనమని సరిపెట్టుకోవాలి. ఒక్క కాయతో చేస్తే వచ్చేది వెనిల్లా తలుచుకున్న వోడ్కా.

ఈ రెండో పాదానికి మా జిల్లాల్లో రాజకీయ వ్యాఖ్య కూడా ఉంది. ఏ ప్రకాశం పంతులుగారి పేరు జిల్లాకు పెట్టుకున్నామో ఆయన ప్రభుత్వం 1954లో మద్యనిషేధం గొడవలోనే ఒక్క ఓటుతో పడిపోయింది. పక్కన నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు లేపిన సారా వ్యతిరేక ఉద్యమం 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం దాకా వెళ్ళింది. 1997లో అది సడలింది. ఆ రెండేళ్ళలో రాసి ఉంటే ఈ పద్యం ‘మునుగ’ దగ్గరే ఆగేది.

వదిన. యతి కోసమే ఈ పదం పడిందనుకోవడం తొందరపాటు. ఇందులో ధ్వని ఉంది. వోడ్కా కొట్లోంచి రావాలి. ఆడపడుచు వెళ్ళదు, వదిన అసలే వెళ్ళదు. వెళ్ళాల్సింది అన్న. అన్న చేత క్వార్టరు తెప్పించాలంటే వదిన అనుమతి కావాలి. అన్న అడిగితే రాని అనుమతి కేకు పేరు మీద ఆడపడుచు అడిగితే వస్తుంది. కాబట్టి పైకి ఇది వంట చిట్కా, లోపల ఇది సిఫార్సు ఉత్తరం.

మూల నార్నెల్లు. “మూల రెణ్ణెల్లుంచ” అని ఓపిక లేనివారి పాఠం ఉంది. అది ఛందస్సుకు మాత్రం నిలుస్తుంది. రెండు నెలలకే రంగు దిగి వాసన పట్టి వాడుకోడానికి పనికొస్తుంది, కానీ ఘాటైన మద్యం వాసన ముందు తగులుతుంది. ఆరు నెలలకు అది అణుగుతుంది. ఫ్రిజ్‌లో పెట్టరాదు. వారానికోసారి సీసా కుదపాలి. ఆవకాయను మూడోనాడు తిరగ కలిపే ఇళ్ళలో ఈ ఒక్క ముక్క మరిచిపోరు.

ముహూర్తం పద్యంలో లేదు గాని ఊహించవచ్చు. రోహిణి కార్తెలో ఆవకాయ జాడీకి వాసెన కట్టిన రోజే ఈ సీసాకూ మూత బిగిస్తే నవంబరు చివరకు ఆర్నెల్లు నిండుతాయి. క్రిస్మస్ కేకుకు సరిగ్గా అందుతుంది. 1842లో హయ్యర్ దొర గుంటూరులో లూథరన్ మిషన్ పెట్టిన దగ్గర్నించీ, ఒంగోలులో మిషనరీ క్లౌ దొర కాలం నుంచీ డిసెంబరు ఈ నేల మీద పండగ నెలే. చేలో పత్తి తీతలు, మిరపలో తొలి కోతలు, ఇంట్లో కేకు. ఓవెన్ లేని ఇళ్ళలో కుక్కరు అడుగున ఇసుక పోసి, మూతకు రబ్బరూ విజిలూ తీసేసి, ఆ ఇసుక కాగాక గిన్నె దించేవారు.

వాస నబ్బు. నిజానికి ఇక్కడ వాసనకన్నా వాసన పోవడం ముఖ్యం. కోడిగుడ్డు నీచు తగలకూడదన్నదే మన ఇళ్ళలో వెనిల్లా వాడకానికి అసలు కారణం. అరకిలో మైదా కేకుకు రెండు చెంచాలు చాలు. అందులోని ఆల్కహాలు చాలావరకు పొయ్యి మీదే ఆవిరవుతుంది. ఉపవాస ప్రార్థనల అత్తగారికి ఈ సంగతి ముందే విన్నవించుకోవడం మంచిది.

శంక

షాపు సీసా చవకే కదా, వాసనా అదే కదా, ఈ తతంగమంతా ఎందుకు?

సమాధానము

ఆ సీసాలో వాసనకు ఉన్నది ముఖ్యంగా వెనిలిన్ అనే ఒక్క పదార్థం. కాయలో ప్రధానమైనదీ అదే, ఆరిన కాయ బరువులో సుమారు 2 శాతం. 1858లో గోబ్లే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దాన్ని విడదీశాడు. 1874లో టీమన్, హార్మన్ అనే జర్మన్లు దేవదారు జాతి చెట్ల రసం నుంచి తయారుచేశారు. తర్వాత కాగితపు మిల్లుల వ్యర్థంలోని లిగ్నిన్ నుంచి తీశారు. ఇప్పుడు ఎక్కువభాగం పెట్రోలియం దారిన వస్తోంది. లిగ్నిన్ ప్రతి కట్టెలోనూ ఉంటుంది, పత్తికట్టెలోనూ ఉంది. కట్టె కాలిన పొగలో వెనిలిన్ లేశమాత్రంగా ఉంటుంది. అయితే కాయలో వెనిలిన్‌తో పాటు వందల రకాల పదార్థాలున్నాయి. బిస్కెట్టులో తేడా తెలియకపోవచ్చు. నెయ్యీ పాలూ ఎక్కువ పడిన కేకులో తెలియవచ్చు.

శంక

అయితే మొదటి పాదంలో కాయ అంటే మిరపకాయే అని ఎందుకు చెప్పకూడదు?

సమాధానము

చెప్పకూడదు, కానీ చెప్పినవాణ్ణి వెక్కిరించనూ కూడదు. మిరపకాయను చీల్చి చూడండి. గింజలు పట్టుకుని ఉండే తెల్లటి పొర కనిపిస్తుంది, కారం పుట్టేది అక్కడే. ఆ పొరలో మొక్క ముందు వెనిలిన్‌నే తయారుచేస్తుంది. దానికి నత్రజని తగిలించి వెనిలిలమీన్ చేస్తుంది, దానికి కొవ్వు ఆమ్లపు తోక తగిలిస్తే క్యాప్సైసిన్, అంటే కారం. రెండో మెట్టు దగ్గర ఎంజైము పాడైతే కారం దిగదు. జపానులో సీహెచ్-19 అనే తియ్య మిరప రకం అలా పుట్టిందే. 1997లో డేవిడ్ జూలియస్ బృందం కారాన్ని పసిగట్టే నరాల తలుపును కనిపెట్టినప్పుడు దానికి వెనిల్లాయిడ్ గ్రాహకమని పేరుపెట్టింది. 2021లో ఆయనకు నోబెల్ వచ్చింది. అంటే యార్డులో టిక్కీ విప్పినప్పుడు ముక్కు పట్టుకుని తుమ్మేవాడు, కేకు దగ్గర కళ్ళు మూసుకుని వాసన పీల్చేవాడు ఒకే ఇంటి రెండు గుమ్మాల ముందు నిలబడ్డవాళ్ళు.

కారం కూడా నీటికి లొంగదు. నోరు మండితే మంచినీళ్ళ కన్నా పెరుగన్నమే గతి అని పిల్లలకు తెలుసు. మిరపకాయలోని కారాన్నీ రంగునీ ద్రావకాలతో దించి ఓలియోరెసిన్ అని ఎగుమతి చేసే ఫ్యాక్టరీలు చేసేది కూడా, పరిమాణం తప్పిస్తే, పద్యంలోని మొదటి రెండు పాదాలే.

చీటీ అంచు మీది వాక్యము

చీటీ కింది అంచున సిరాతో, వేరే చేతిరాతలో ఇలా ఉంది: “కాయలు 6. సీసా 90 మాత్రమే వచ్చింది.” ఇది వదిన రాత. క్వార్టరు 180 గదా, సగం తోవలో ఏమైందని లోకం అన్నను అనుమానిస్తుంది. వ్యాఖ్యాత తొందరపడకూడదు. 180కి 6 కాయలైతే మామూలు సారం. 90కి 6 కాయలైతే అదే వ్యాపారంలో టూ ఫోల్డ్, అంటే రెట్టింపు చిక్కనిది, ఎక్కువ ధర పలికేది. చెంచాల లెక్కలో సగం వేస్తే కేకుకు అంతే వాసన. కాబట్టి అన్నగారు చేసింది అపహరణం కాదు, సారాన్ని చిక్కబరచడం. వదిన ఈ సమన్వయాన్ని ఒప్పుకున్నట్టు చీటీలో ఆధారమేమీ లేదు.