భయానికి ధ్రువీకరణ పత్రం

మీసేవకి వెళ్తే కులానికి ధ్రువీకరణ పత్రం ఇస్తారు, ఆదాయానికి ఇస్తారు. బతికే ఉన్నామని పింఛనుదారులు ఏటా ఒకటి సమర్పించుకుంటారు. భయానికి మాత్రం ఏ తహసీల్దారూ సంతకం పెట్టడు. ఆ పత్రం కావాలంటే బ్రిటన్ వెళ్ళాలి. లోకంలో ఎవరి భయం అసలుదో, ఎవరిది నకిలీదో తేల్చే బాధ్యతను అక్కడి హోం ఆఫీసు నెత్తికెత్తుకుంది.

అయితే ఒక చిన్న నియమం ఉంది. రుజువు శరణార్థే తేవాలి. ఏ తేదీన కొట్టారు, ఎవరు కొట్టారు, ఆ మచ్చ ఆ దెబ్బదేనా, అన్నిటికీ కాగితం కావాలి. ప్రభుత్వానికి ఆ బాదరబందీ లేదు. పార్లమెంటులో మెజారిటీ ఉంటే చాలు.

నమ్మకపోతే రువాండా సంగతి చూడండి. పడవల్లో వచ్చినవాళ్ళను ఆ ఆఫ్రికా దేశానికి తరలిస్తామని 2022 ఏప్రిల్‌లో బోరిస్ జాన్సన్ ప్రభుత్వం ప్రకటించింది. జూన్‌లో విమానం సిద్ధమైంది కానీ ఐరోపా మానవ హక్కుల కోర్టు జోక్యంతో ఎగరలేదు. 2023 నవంబర్ 15న బ్రిటన్ సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తులూ ఒకే మాటగా, రువాండా సురక్షితం కాదు, అక్కడికి పంపితే పారిపోయి వచ్చిన చోటికే వీళ్ళను మళ్ళీ తోసేసే ప్రమాదం ఉందని తేల్చారు. మామూలు ప్రభుత్వమైతే పథకం మార్చుకునేది. రిషి సునాక్ ప్రభుత్వం వాస్తవాన్నే మార్చింది. 2024 ఏప్రిల్‌లో రువాండా సురక్షిత దేశమని చట్టం చేసి, అధికారులూ న్యాయమూర్తులూ అలాగే భావించి తీరాలని అందులో రాసింది. ఇంత సులువైన దారి ఉండగా మన ప్రభుత్వాలు దోమల మందుకూ డ్రైనేజీకీ ఎందుకు డబ్బు తగలేస్తున్నాయో తెలియదు. హైదరాబాద్‌లో దోమలు లేవని ఒక బిల్లు పెడితే సరిపోయేది.

చివరికి లెక్క తేలింది. 2024 జూలైలో సునాక్ ప్రభుత్వం గద్దె దిగే నాటికి ఆ పథకం మీద 70 కోట్ల పౌండ్లు, మన లెక్కలో ఏడు వేల కోట్ల రూపాయలకు పైనే, ఖర్చయ్యాయని కొత్త హోం మంత్రి సభలో చెప్పారు. రువాండా వెళ్ళినవాళ్ళు నలుగురు. వాళ్ళు కూడా మూడు వేల పౌండ్ల దాకా చేతిలో పెడితే తమంతట తాము వెళ్ళినవాళ్ళే. ఇదే కాలంలో రువాండాలో ప్రాణభయం ఉందని వచ్చిన నలుగురు రువాండా పౌరులకు ఇదే హోం ఆఫీసు ఆశ్రయం ఇచ్చింది. ఇటు నలుగురు, అటు నలుగురు. ఖాతా సరిపోయింది.

ఈ యంత్రాంగం ఎలా నడుస్తుందో మనవాళ్ళకు అర్థం కావాలంటే మనకు తెలిసిన దరఖాస్తుదారుడు ఒకడు కావాలి. విభీషణుణ్ణి తీసుకుందాం. సముద్రం దాటి, కాగితాలేవీ లేకుండా, నలుగురు అనుచరులతో వచ్చి శరణు అన్నాడు. సభ కూడింది. చంపెయ్యమన్నాడు సుగ్రీవుడు. పరీక్షించమన్నాడు అంగదుడు. గూఢచారిని పెట్టి చూడమన్నాడు శరభుడు. ప్రశ్నలడిగి తేల్చుకోమన్నాడు మైందుడు. మాటలోనూ ముఖంలోనూ కపటం కనిపించడం లేదన్నాడు హనుమంతుడు. రాముడు అందరి మాటా విని, అక్కడికక్కడే అభయమిచ్చి, సముద్రపు నీళ్ళతో పట్టాభిషేకం కూడా చేయించాడు.

అదే మనిషి డోవర్ ఒడ్డున దిగి ఉంటే?

మొదట, దిగడమే నేరం. శరణు అడగాలంటే బ్రిటన్ నేల మీద నిలబడే అడగాలి. అడగడానికి రావాలనుకునేవాళ్ళకు వీసా అంటూ ఏదీ లేదు. వీసా లేకుండా వస్తే 2022 నాటి చట్టం ప్రకారం నాలుగేళ్ళ దాకా జైలు. వెంట పిల్లలుంటే వాళ్ళకో ప్రత్యేక మర్యాద. డోవర్‌లో పిల్లల్ని దించే కేంద్రం గోడల మీద మిక్కీ మౌస్, మోగ్లీ కథలోని బాలూ ఎలుగుబంటి బొమ్మలుండేవి. 2023లో అప్పటి మంత్రి రాబర్ట్ జెన్రిక్ వాటి మీద తెల్లరంగు వేయించారు. బొమ్మలు మరీ ఆదరంగా ఉన్నాయట.

తర్వాత ఫారం. పేరుకుపోయిన ఫైళ్ళు తగ్గించడానికి 2023లో అఫ్గానిస్తాన్, ఎరిత్రియా, లిబియా, సిరియా, యెమెన్ వాళ్ళకు ఇంటర్వ్యూ బదులు పొడవాటి ప్రశ్నావళి పంపారు. 20 పనిదినాల్లో ఇంగ్లీషులోనే నింపి పంపాలి. పంపకపోతే దరఖాస్తును ఉపసంహరించుకున్నట్టే లెక్కగట్టే అధికారం ఆఫీసుకుంది. అలా ఏదో ఒక కారణంతో ఒక్క ఏడాదిలో ఉపసంహరణ ఖాతాలో పడినవి పదిహేడు వేలకు పైనే. వాళ్ళంతా ఇప్పుడెక్కడున్నారని ఎంపీల కమిటీ అడిగితే, అందరి ఆచూకీ మాకు తెలియదని అధికారి ఒప్పుకున్నారు. దస్త్రం మూసేశాక మనిషి ఎక్కడుంటే ఏమిటి?

మూయని దస్త్రం తాలూకు మనుషులు హోటల్లో ఉంటారు. 2023లో హోటళ్ళకు ప్రభుత్వం కట్టింది రోజుకు 80 లక్షల పౌండ్లు. 2024లో ఆ హోటల్లో తిండితో సహా ఉంచినవాడి చేతికి ఇచ్చింది వారానికి 8.86 పౌండ్లు. వీళ్ళు హోటళ్ళలో కులుకుతున్నారని పత్రికలు రాస్తుంటాయి. కులుకుతున్న హోటల్ యజమానుల గురించి అంతగా రాయవు. హోటల్ ఖరీదెక్కువనిపించి పోర్ట్‌లాండ్ రేవులో బిబ్బీ స్టాక్‌హోం అనే పెద్ద బార్జిని తెచ్చి కట్టారు. 2023 ఆగస్టు 7న మొదటివాళ్ళను ఎక్కించారు. నీళ్ళలో లెజియొనెల్లా బాక్టీరియా కనబడటంతో 11న దించేశారు. అదే బార్జిలో డిసెంబర్‌లో ఒకతను చనిపోయాడు. ఏడాది తర్వాత దాన్ని ఖాళీ చేశారు.

ఊరికే కూర్చోబెట్టి తిండి పెట్టడమెందుకు, పని చేసుకోనివ్వొచ్చు కదా అంటారా? చేసుకోకూడదు. ఏడాది దాటినా నిర్ణయం రాకపోతే అప్పుడు అనుమతి అడగొచ్చు. అదీ ప్రభుత్వ జాబితాలో ఉన్న ఉద్యోగాలకే. 2024లో ఆ జాబితాలో శాస్త్రీయ బాలే నర్తకులుండేవారు. గిన్నెలు కడుగుతానంటే కుదరదు. మునివేళ్ళ మీద నిలబడి గిరగిరా తిరగడం వస్తే విభీషణుడు ఒకసారి కలవొచ్చు.

ఇంతకాలం ఎదురుచూశాక ఉత్తరం వస్తుంది.

‘అయ్యా, మీ దరఖాస్తు క్షుణ్ణంగా పరిశీలించడమైనది. మీ అన్నగారితో విభేదాలున్నట్టు పేర్కొన్నారు. వాటిని బయటపెట్టకుండా, నోరు మెదపకుండా లంకలోనే కాలం గడపవచ్చునని అభిప్రాయపడటమైనది. ధర్మం కోసం వచ్చానన్నారు గానీ ధర్మశాస్త్ర పరీక్షలో మీకు వచ్చిన మార్కులు సంతృప్తికరంగా లేవు. లంక బంగారు నగరమని మీరే అంగీకరించారు. కనుక తిరస్కరించడమైనది.’

ఇది కాలమిస్టు కొంటెతనం అనుకోకండి. స్వలింగ సంపర్కులు తమ దేశంలో గుట్టుగా బతికితే ప్రమాదం ఉండదని హోం ఆఫీసు ఏళ్ళ తరబడి తిప్పి పంపింది. 2010లో సుప్రీంకోర్టు ఆ వాదనను కొట్టేసింది. 2018లో, ఇస్లాం వదిలిన పాకిస్తానీ మానవవాది ఒకరికి ప్లేటో, అరిస్టాటిల్ పేర్లు చెప్పలేకపోయాడన్న వంకతో కాదన్నారు. వాళ్ళిద్దరూ మానవవాదుల కిందికి రారు మహాప్రభో అని నూరుమందికి పైగా మేధావులు లేఖ రాయాల్సొచ్చింది. 2019లో, క్రైస్తవం శాంతి మతమని నమ్మి మారానన్న ఇరానీయుడికి బైబిల్లోని హింస ఘట్టాలు ఏరి చూపించి, మీ మాట నమ్మశక్యంగా లేదని రాశారు. గోల అయ్యాక ఆ ఉత్తరాన్ని వెనక్కి తీసుకున్నారు. ఇటీవలి కాలంలో అప్పీలుకెళ్ళిన తిరస్కరణల్లో సుమారు సగం ట్రిబ్యునల్లో నిలబడలేదు. సగం ఫెయిలైన విద్యార్థిని మనవాళ్ళు ట్యూషన్‌కి పంపిస్తారు. వీళ్ళను మాత్రం పేపర్లు దిద్దే పనిలోనే ఉంచారు.

విభీషణుడి సభలో మనం సరిగ్గా గమనించని సంగతి ఒకటుంది. వచ్చినవాణ్ణి చంపెయ్యమని మొదట అన్న సుగ్రీవుడూ శరణార్థే. అన్న వాలి తరిమితే ఋష్యమూకం మీద తలదాచుకుని, అదే రాముడి అండతో రాజైనవాడు. బ్రిటన్ సభలోనూ అంతే. రువాండా ఒప్పందం మీద హోం మంత్రిగా సంతకం పెట్టిన ప్రీతి పటేల్ అమ్మానాన్నలు ఉగాండా నుంచి వచ్చినవాళ్ళు. తాను తెచ్చిన వలస నిబంధనలుంటే వాళ్ళు రాగలిగేవారు కాదేమోనని ఆమే ఒకసారి ఒప్పుకున్నారు. రువాండాకు విమానం ఎగరడం తన కల అన్న మరో హోం మంత్రి సువెల్లా బ్రేవర్మన్ తల్లిదండ్రులు మారిషస్, కెన్యాల నుంచి వచ్చారు. సునాక్ మూలాలు తూర్పు ఆఫ్రికాలో. 2022 దీపావళి నాడు మన అల్లుడు ప్రధాని అవుతున్నాడని మిఠాయిలు పంచుకున్నాం. ఆయన హయాంలోనే భారతదేశం ‘సురక్షిత దేశాల’ జాబితాలోకి ఎక్కింది. అంటే ఆ జాబితా నిబంధన పూర్తిగా అమలైతే భారతీయుడి శరణు దరఖాస్తు, అసాధారణ కారణం ఉంటే తప్ప, విచారణకు ముందే చెత్తబుట్ట పాలు. ప్రభుత్వం మారింది. 2025లో ఫ్రాన్స్‌తో ‘ఒకరిని పంపు, ఒకరిని తీసుకో’ అనే ఒప్పందం కుదిరింది. దాని కింద మొట్టమొదట విమానం ఎక్కించింది ఒక భారతీయుణ్ణే. ఆ తర్వాత పంపిన ఇరానీయుడొకడు నెల తిరక్కుండా మళ్ళీ పడవెక్కి వచ్చేశాడు. ఇప్పటి హోం మంత్రి షబానా మహమూద్ కుటుంబం మీర్పూర్ నుంచి వలస వెళ్ళింది. శరణు దొరికినా రెండున్నరేళ్ళకోసారి సమీక్షిస్తాం, స్థిరపడాలంటే ఇరవై ఏళ్ళు ఆగండి అని 2025 నవంబర్‌లో ప్రకటించింది ఆవిడే. తాము ఎక్కిన నిచ్చెనను లాగెయ్యడంలో పార్టీల మధ్య పేచీ లేదు.

నిర్బంధం సంగతి చెప్పకపోతే కథ పూర్తికాదు. హత్య చేసినవాడికి ఎన్నేళ్ళో జడ్జి చెబుతాడు. నేరమేదీ చేయని శరణార్థిని లోపల పెడితే ఎన్నాళ్ళో ఎవరూ చెప్పరు. బ్రిటన్ చట్టంలో ఆ గడువే లేదు. గాట్విక్ విమానాశ్రయం పక్కనున్న బ్రూక్ హౌస్‌లో ప్రైవేటు కంపెనీ కాపలాదారుల దౌర్జన్యాన్ని 2017లో బీబీసీ రహస్యంగా చిత్రీకరించింది. ఆరేళ్ళ తర్వాత విచారణ నివేదిక వచ్చింది. అయిదు నెలల్లో 19 సందర్భాల్లో అమానుషత్వం జరిగి ఉండవచ్చని తేల్చి, ఎవరినీ 28 రోజులు మించి నిర్బంధించకుండా చట్టం తెమ్మంది. ప్రభుత్వం నివేదికకు ధన్యవాదాలు చెప్పి ఆ సిఫారసును తోసిపుచ్చింది. శరణు దరఖాస్తు కంటే వేగంగా తిరస్కరణ పొందిన కాగితం అదొక్కటే అయ్యుంటుంది.

ఇంతసేపూ తెల్లవాళ్ళను ఆడిపోసుకున్నాం, బాగానే ఉంది. మన ఇంటి సంగతి? రామేశ్వరం పక్కనే మండపంలో ఒక శిబిరం ఉంది. అసలు లంక నుంచి అసలు సముద్రం దాటి వచ్చిన తమిళులుంటారు అందులో. 1983 నుంచి అలా వచ్చినవాళ్ళు వేలమంది తమిళనాడు శిబిరాల్లో పిల్లల్ని కని, మనవల్ని ఎత్తుకుని కూడా పౌరులు కాలేదు. 2019 పౌరసత్వ సవరణ చట్టంలో మూడు పొరుగు దేశాలకు చోటు దొరికింది, శ్రీలంకకు దొరకలేదు. మయన్మార్‌కూ దొరకలేదు. మన హైదరాబాద్ బాలాపూర్ గుడిసెల్లో ఆ దేశం నుంచి వచ్చిన రోహింగ్యాలు ఐక్యరాజ్యసమితి ఇచ్చిన కార్డు పట్టుకుని బతుకుతున్నారు. ఆ కార్డుకు మన చట్టంలో విలువ లేదు. జమ్మూలో అలాంటివాళ్ళను 2021 మార్చిలో హీరానగర్ జైలుకు తరలించారు. బయట వదలమన్న విన్నపాన్ని సుప్రీంకోర్టు మన్నించలేదు.

టిబెటన్లకు చోటిచ్చాం, లంక తమిళులకు గూడిచ్చాం, కాదనను. అవన్నీ ఆయా ప్రభుత్వాల దయ. దయకు అప్పీలు ఉండదు. 1951 శరణార్థుల ఒప్పందం మీద భారతదేశం ఇప్పటికీ సంతకం పెట్టలేదు. శశి థరూర్ 2015లో లోక్‌సభలో ప్రైవేటు బిల్లు పెట్టినా అది చట్టం కాలేదు. తిరస్కరించాలన్నా ముందు దరఖాస్తు తీసుకోవాలి. బ్రిటన్ ఆ కష్టమైనా పడుతోంది. మనం ఆ ఫారం ఇంకా అచ్చే వేయలేదు.