లోహదంతీయం: టీకా తాత్పర్య సహితము

మూలం:

పళ్ళు తోమియాగు పట్టుగా నరగంట,
పుక్కిలించి యుమ్ము, పొట్టకొద్దు,
చాయ తాగవలదు చాలసేపటిదాక,
లోహదంతి! వినవె లోని గుట్టు.

అవతారిక: మిర్యాలగూడ నుండి కోదాడ పోవు దారిలో నేరేడుచర్ల. అచటి మందుల దుకాణమున మౌత్‌వాష్ కొని, గట్టు మీదనే మూత తీయబోవుచున్న క్లిప్పుల పండ్ల పడుచువానితో కవి పలికినది.

ప్రతిపదార్థం: లోహదంతి = క్యాపు, సిల్వరు సిమెంటు, క్లిప్పుల తీగ, వీనిలో ఏదేని నోట కలవాడా! (ఏనుగని చెప్పినవారును కలరు. ఏనుగు పుక్కిలించి ఉమ్మిన ఊరికి ముప్పు గనుక ఆ అర్థము విడిచితిమి.) తోమి = పేస్టుతో తోమి; అరగంట ఆగు = పేస్టుకు నురుగునిచ్చు సోడియం లారిల్ సల్ఫేటుది ఋణావేశము, సీసాలోని క్లోర్‌హెక్సిడిన్‌ది ధనావేశము. వెంటవెంటనే కలిసినచో ఒకదానినొకటి పట్టుకొని కూర్చుండును, మందు పని మానును. పొట్టకొద్దు = మింగకుము.

ఇచట టీకాకారుడు కొంత నిలువక తప్పదు. తాగునీట ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటరాదని ప్రమాణము. 0.05 శాతము సోడియం ఫ్లోరైడు కల మౌత్‌వాష్ సీసాలో లీటరుకు సుమారు 225. పాత నల్లగొండ జిల్లావానికి ఇంతకుమించి విప్పిచెప్పనక్కరలేదు.

ఫ్లోరైడుకు లోహమన్న మక్కువ. నాగపూరు నీరి సంస్థవారి ‘నల్లగొండ పద్ధతి’కి మూలమదియే: నీట పటిక, సున్నము కలిపినచో పటికలోని అల్యూమినియము ఫ్లోరైడును పట్టుకొని తెట్టెలై అడుగున చేరును. నీటితొట్టిలో మేలు చేసిన మక్కువ నోటిలో కీడు చేయును. క్లిప్పుల తీగ తరచుగా నికెల్, టైటానియముల మిశ్రమము. టైటానియము పలుచని ఆక్సైడు పొర కప్పుకొని నికెలును లోపల దాచును. పుల్లని ద్రవములో ఫ్లోరైడు ఆ పొరను కొరుకును. నికెల్ అయానులు బయటపడును. నికెల్ గిట్టనివానికి చిగురు, పెదవి మండవచ్చును. తటస్థ ద్రవములో ఈ దౌర్జన్యము తక్కువ. కావున క్లిప్పులవాడు డాక్టరును ఫ్లోరైడున్నదా అని అడిగి ఊరకుండరాదు, పులుపున్నదా అనియు అడుగవలెను.

విశేషము: క్లోర్‌హెక్సిడిన్ వాడినవాని పండ్ల గోధుమరంగు మరకపై ముఖ్యముగా రెండు మతములు. మందు పంటిమీది ప్రోటీను పొరను చెరచగా, తగరము, ఇనుము అయానులు అందలి గంధకముతో కూడి రంగు తేలునని లోహవాదులు. సిల్వరు సిమెంటులో ముందుగా తుప్పుపట్టునది తగరమే గనుక వీరి మాట కొట్టివేయరాదు. మందు పంటికంటి, చాయ్‌లోని రంగును లాగి పట్టుకొనునని చాయ్‌వాదులు. ప్రయోగముల మొగ్గు వీరివైపే, కవియు వీరివాడే. నేరేడుపండు మరక పూటలో పోవును. ఇది డాక్టరు గీకిననే పోవును.

పాఠాంతరం: కోదాడ ప్రతిలో ‘తాగవలదు’కు మారుగా ‘తాగవచ్చు’ అని కలదు. నగణము పోయి హగణము వచ్చినది, రెండును సూర్యగణములే, ఛందస్సుకు లోటు లేదు. అయినను అది బస్టాండు హోటలువారి ప్రక్షిప్తము.