దేవుడు మళ్ళీ ఆలోచించుకోవాలి

మన ఇళ్ళలో కష్టం రాగానే అందరికంటే ముందు డ్యూటీ ఎక్కేది దేవుడు. జీతం లేదు, సెలవు లేదు, సంతకం మాత్రం ఆయనదే. పొలం అమ్మాలా, పిల్ల చదువు మాన్పించాలా, మంచాన పడ్డ నాన్నని ఎవరు చూడాలి? "పైవాడి మీద భారం వేశాం" అనేస్తారు. ఇన్నేళ్ళుగా చూస్తున్నాను, ఆ భారం ఒక్కసారైనా పైకి వెళ్ళిన దాఖలా లేదు. కిందికే పడుతుంది, ఎవరి తల వంగి ఉంటే వాళ్ళ నెత్తిన.

మొన్న ఒకరింట్లో పెద్దమనిషిగా కూర్చోవాల్సి వచ్చింది. (పెద్దమనిషి అంటే కాఫీ తాగి తలాడించేవాడు.) ఇంటాయనకి పక్షవాతం. కుడివైపు పడిపోయింది, మాట ముద్దగా వస్తోంది. భార్య పోయి చాలాకాలమైంది. ఆసుపత్రి బిల్లు కోసం ఇంట్లో ఉన్న కాస్త బంగారం బ్యాంకుకి చేరింది. ముగ్గురు కొడుకులు, ఒక కూతురు. డాక్టరు రాసిచ్చిన కాగితంలో అంతా ఉంది: రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, లేకపోతే వీపు పుండ్లు పడుతుంది, కూర్చోబెట్టే తినిపించాలి, కాళ్ళూ చేతులూ రోజూ ఆడించాలి. ఆ కాగితం మందుల సంచిలోనే ఉండిపోయింది. "చీటీలు వేద్దాం, దేవుడే చెప్తాడు" అన్నాడు పెద్దాడు. అందరి మొహాల్లో భక్తి పొంగింది.

వెంకన్న పటం ముందు ఇత్తడి పళ్ళెం, అందులో నాలుగు చీటీలు. మొదటిది తీశారు. పెద్దాడి పేరు.

"ఏవండీ, పళ్ళెం కడగనేలేదు" అంది పెద్దకోడలు. చెల్లదన్నారు. కడిగారు. రెండోసారి నడిపివాడు. వాడు గోడమీది క్యాలెండర్ వంక చూశాడు, వర్జ్యం. అది వెళ్ళేదాకా ఇంకో కాఫీ. మూడోసారి చిన్నాడు. "పెద్దవాళ్ళు తీస్తే ఏం పలుకుతుందిరా? పసిపిల్లల చేత తీయించాలి గానీ" అని వాడికి హఠాత్తుగా శాస్త్రం గుర్తొచ్చింది. పెద్దాడి అయిదేళ్ళ కొడుకుని ఆటలోంచి లాక్కొచ్చారు. వాడు తీశాడు. ఆడపడుచు పేరు.

అంతే! పళ్ళెం శుభ్రం, ఘడియ శుభం, పసివాడి చెయ్యి దైవం. "చూశారా, ఆడబిడ్డ చేతి సేవ నాన్నకి రాసిపెట్టాడు స్వామి" అంటూ కర్పూరం వెలిగించారు. మూడుసార్లు పప్పులో కాలేసిన దేవుడు నాలుగోసారికి దారిలో పడ్డాడు.

ముసలాయన పక్క గదిలోంచి అంతా వింటూనే ఉన్నాడు. ఆ పళ్ళెంలో ఆయన మాట కూడా ఒకటి వేయాలని ఎవరికీ తోచలేదు.

నాకు కొన్నేళ్ళ కిందటి చీటీలు గుర్తొచ్చాయి. అదే పూజగది, అదే పళ్ళెం, అదే వెంకన్న. ఆ రోజు పంచింది నాలుగున్నర ఎకరాలు. పడిన చీటీలు మాత్రం మూడే. రామారావు ప్రభుత్వం ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకీ వాటా అని 1986లోనే చట్టం తెచ్చింది. 2005లో ఢిల్లీ కూడా అదే మాట అంది. ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇవేవీ ఆ పూజగది గడప తొక్కలేదు. హక్కు వదులుకుంటున్నట్టు ఆ పిల్ల చేత కాగితం మీద సంతకం పెట్టించారు. "పుట్టిల్లు నిలబడాలంటే పెట్టమ్మా, దేవుడు నీకు ఇంకో రూపంలో ఇస్తాడు" అన్నారు.

ఇదిగో, ఇచ్చాడు.

అసలు ఆ స్వామి సంగతి మనకి తెలియంది కాదు. పెళ్ళికి కుబేరుడి దగ్గర అప్పుచేసి ఇప్పటికీ వడ్డీ కడుతున్నాడని మనమే కథ చెప్పుకుంటాం. సంసారం నడపడం ఎంత కష్టమో తెలిసినవాడు కనుక ఆయన్ని నమ్మడంలో తప్పులేదు. కానీ ఆయన కొండమీద వాళ్ళెలా నమ్మారో చూడండి. 2020 మార్చిలో కరోనా వస్తే తిరుమలలో దర్శనాలు ఆపేశారు. జూన్‌లో మళ్ళీ తెరిచినప్పుడు జ్వరం చూసి, మాస్కు చూసి, ఎడం కొలిచి పంపారు. లోపల కైంకర్యం ఆగలేదు, బయట జాగ్రత్తా ఆగలేదు. చీటీలు వేసి ఎవరిని లోపలికి పంపాలో స్వామినే అడుగుదామని అక్కడెవరూ అనలేదు. ఆయనకి అంత దగ్గరగా ఉన్నవాళ్ళకి లేని ధైర్యం మన పూజగదుల్లో ఉంది!

2007 నాటి చట్టం ఒకటుంది, కన్నవాళ్ళని పట్టించుకోకపోతే ఆర్డీవో దగ్గర అర్జీ పెట్టుకోవచ్చు, పిల్లలు నెలనెలా ఇంత కట్టాలని ఆయన చెప్పొచ్చు, కొడుకులైనా కూతుళ్ళైనా. ఆ మాట అందామని నోరు తెరిచాను. "ఇంటి సంగతి ఆఫీసులకెక్కిస్తామా బాబాయ్? దేవుడు లేడూ?" అన్నాడు నడిపివాడు. నోరు మూసుకుని మూడో కాఫీ తాగాను. పెద్దమనిషినని ముందే చెప్పాను కదా.

సాయంత్రం వ్యాను వచ్చింది. నలుగురూ కలిసి ముసలాయన్ని దుప్పటితో ఎత్తి పడుకోబెట్టారు. ఎత్తేటప్పుడు మటుకు సమానంగానే పట్టుకున్నారు. పిల్ల మందుల సంచి వెతికి ఆ డాక్టరు కాగితం తీసింది, రెండుసార్లు చదివి జాకెట్లో పెట్టుకుంది. పెద్దాడు పొట్లం కట్టిన ప్రసాదం చేతిలో పెట్టి, "ధైర్యంగా ఉండమ్మా, అన్నీ ఆయనే చూసుకుంటాడు" అన్నాడు.

"సరే అన్నయ్యా. నెలకెంత పంపుతాడు?"

పెద్దాడు వినిపించుకోలేదు. లోపలికెళ్ళి, పూజగది తలుపు దగ్గరికి వేశాడు.