పావలా పెన్ను: సటీకా తాత్పర్యం

అవతారిక: అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో ఉద్యోగం వెలగబెట్టే మేనల్లుడు సెలవులకు వస్తూ మేనమామకు తెచ్చే కానుకల్లో చేతితో చేసిన పెన్ను ఒకటి. దాని ఒంటి మీద ఆ రాష్ట్రపు పావు డాలరు నాణెం బొమ్మ ఉంటుంది. దానిపై ఈ ఆటవెలది.

మూలం:
చెక్క తిరిగి తిరిగి చిక్కి పెన్నుగ మారె
కారు బొమ్మ దాని కడుపు చుట్టె
రాయబోయి తిప్పి రాయుట మరచిరి
పావలాకు కల్గె పసిడి కీర్తి

టీక: చెక్క = కొయ్యముక్క; తిరిగి తిరిగి = లేతు మీద గిర్రున తిరుగుతూ; చిక్కి = ఉలి దెబ్బకు ఒళ్లు కరిగి; పెన్నుగ మారె = ఆ రూపం దాల్చింది. ఇక్కడ కవి క్రమం తప్పాడు. నిజానికి బొమ్మే ముందు. రాష్ట్రం పటం, కారు, చుక్కలు, అన్నిటినీ రంగురంగుల చెక్కముక్కలుగా లేజరుతో కోసి, ఇత్తడి గొట్టం మీద ముక్కకు ముక్క అతికిస్తారు. ఆ తర్వాతే లేతుకెక్కిస్తారు. చుక్కలు ఒక్కోటి బియ్యపు నూకంత. ఉలి కాస్త బెసికితే చుక్క ఎగిరి రంపపు పొట్టులో పడుతుంది, ఇక దొరకదు. గరుకు కాగితంతో నునుపు చేశాక, మనం తెగిన చెప్పులకు పూసే ఫెవిక్విక్ జాతి జిగురునే పొర మీద పొరగా పూసి మెరుగు పెడతారు. ఇంత పని "తిరిగి తిరిగి"లో ఇమిడింది.

చేతిపని మొండెం వరకే. మొన, క్లిప్పు, రీఫిల్లు కొన్న సరుకు. రాజమండ్రి రత్నం పెన్ను చూసినవారికి ఇదంటే చిన్నచూపే. అక్కడ ఒళ్లూ మూతా కూడా ఎబొనైటు కడ్డీలోంచి తీసినవే. అది రాసి మెప్పించిన పెన్ను. 1935లో గాంధీజీ ఉత్తరం రాసి మరీ మెచ్చుకున్నారు. ఈ పెన్ను సంగతి వేరని మూడో పాదంలో తేలుతుంది.

కారు బొమ్మ = 2002లో వచ్చిన ఇండియానా నాణెం మీది రేసు కారు. 1999 నుంచి 2008 దాకా ఏటా ఐదు రాష్ట్రాల చొప్పున, దేశంలో చేరిన వరుసలో 50 నాణేలు ముద్రించారు. ఇండియానా 1816లో 19వదిగా చేరింది గనుక 19 చుక్కలు. నాణేనికి రెండో వైపున్న వాషింగ్టన్‌కు పెన్ను మీద చోటు దక్కలేదు. మొదటి అధ్యక్షుడైనా రేసులో దిగనివాడు కదా.

కడుపు చుట్టె = నడుమంతా పరుచుకుంది. కొందరు "నడుము చుట్టె" అని పాఠాంతరం చెబుతారు. కకారానికి నకారంతో యతి చెల్లదు. ఆ పాఠం త్యాజ్యం. పైగా కడుపు అనడంలోనే స్వారస్యం. నాణెం అడ్డం 24.26 మిల్లీమీటర్లు, చేతికి హాయిగా ఉండే పెన్ను లావు సుమారు అందులో సగం. బొమ్మ ఎదురుగా ఆనదు, చుట్టూ తిరగాల్సిందే. కారు కనబడితే పటం కనబడదు, పటం చూస్తే చుక్కలు సగం మాయం.

రాయబోయి తిప్పి = ఈ పద్యానికి ప్రాణం ఇదే. బొమ్మ మొత్తం చూడాలంటే పెన్నును వేళ్ల మధ్య తిప్పాలి. తిప్పగానే కారు కదులుతుంది. ఆ రాష్ట్రంలో జరిగే ఇండియానాపోలిస్ కారు పందెంలోనూ కార్లు చేసేది అదే: రెండున్నర మైళ్ల బాట మీద 200 చుట్లు, చుట్టుకు నాలుగు మలుపులు, 800 మలుపులూ ఎడమకే. 1909లో ఆ బాటకు 32 లక్షల ఇటుకలు పరిచారు. ఇప్పుడు గెలుపు గీత దగ్గర ఒక గజం మేర మాత్రమే పైకి కనిపిస్తాయి. ఊరివాళ్లకు అవి దేవాలయపు మెట్లతో సమానం; గెలిచినవాళ్లు మోకరిల్లి ముద్దు పెట్టుకుంటారు. 1936లో లూయీ మేయర్ గెలిచి మజ్జిగ తాగాడు. తర్వాత అది పాలసీసాగా స్థిరపడింది. మజ్జిగను పాలుగా మార్చినవాళ్లు వీళ్లే!

పసిడి కీర్తి = రాగి మీద నికెల్ కలిసిన తొడుగు తప్ప నాణెంలో పసిడి లేదు. కాబట్టి అతిశయోక్తి.

శంక: బొమ్మకు బదులు అసలు నాణేన్నే కోసి పొదిగితే నేరం కాదా?
సమాధానం: అక్కడ మోసబుద్ధితో చేస్తేనే నేరం. మన 2011 నాణేల చట్టం అంత ఉదారం కాదు. నాణేన్ని కరిగించినా, నాశనం చేసినా తప్పే.

తాత్పర్యం: పెన్ను ఇచ్చింది రాయడానికి, మేనమామ మాత్రం పాలవాడి లెక్క రాయబోయి, కారును నాలుగు చుట్లు తిప్పి, లెక్క రేపటికి వాయిదా వేశాడు.

విశేషం: కెంటకీ ప్రతుల్లో రెండో పాదం "గుర్రమొకటి దాని గుండె చుట్టె" అని ఉంటుంది. యతి నిక్షేపంగా కుదిరింది. 1875 నుంచి డెర్బీ గుర్రప్పందేలు నడిపే రాష్ట్రం మరి. కానీ వాళ్ల 2001 నాణెం మీది గుర్రం కంచె వెనక ఊరికే నిలబడి ఉంటుంది. ఎంత తిప్పినా పరుగెత్తదు. కాబట్టి ఆ పెన్ను అందుకున్న మేనమామ విసిగి పాలవాడి లెక్క రాసేసే ప్రమాదం ఉంది.