బరువైన ఉత్తర్వులు

ప్రజలకు సమాచారం అందించడం, అది వారి చేతికి చిక్కకుండా చూడడం అనే రెండు విరుద్ధ కార్యాలను ఒకే చర్యతో నెరవేర్చే సాధనంగా మన కార్యాలయాలు పీడీఎఫ్ ఫైలును తీర్చిదిద్దిన తీరు పరిశోధకుల దృష్టికి ఇంకా తగినంతగా రాలేదు. 1993లో అడోబ్ సంస్థ ఈ రూపాన్ని ప్రవేశపెట్టినప్పుడు, ఏ కంప్యూటరులో తెరిచినా పుట చెక్కుచెదరకుండా కనిపించాలన్నదే దాని ఉద్దేశం. ఆ పుట తెరుచుకునే వ్యవధిని పౌరుడి ఓర్పుకు పరీక్షగా మలచిన ఘనత మాత్రం పూర్తిగా స్వదేశీయం.

ఇందులోని ప్రక్రియ గమనించదగినది. కంప్యూటరులో టైపు చేసిన ఉత్తర్వును మొదట ముద్రిస్తారు. దానిపై సంతకం, గుండ్రటి రబ్బరు ముద్ర పడిన తరువాత, అదే కాగితాన్ని కాస్త వంకరగా స్కానరుపై పరిచి, తిరిగి కంప్యూటరులోకి ఎక్కిస్తారు. అక్షరాలుగా బయలుదేరిన ఉత్తర్వు ఈ విధంగా బొమ్మగా మారి ఇల్లు చేరుతుంది. ఏ4 పుటను అంగుళానికి 300 చుక్కల చొప్పున రంగుల్లో స్కాన్ చేస్తే, కుదింపుకు ముందు దాని పరిమాణం సుమారు 26 మెగాబైట్లు. చుక్కకు ఒక్క బిట్ మాత్రమే వెచ్చించి నలుపు తెలుపుల్లో తీస్తే అది దాదాపు 1 మెగాబైటుకు పడిపోతుంది, ఫ్యాక్సు యంత్రాల కాలం నుంచీ ఉన్న గ్రూప్ 4 అనే కుదింపు పద్ధతిని దానికి జోడిస్తే మామూలు టైపు పుట కొన్ని పదుల కిలోబైట్లలో ఇమిడిపోతుంది. అయినప్పటికీ రంగుల స్కానింగే ఆచారంగా స్థిరపడింది. గెజిటెడ్ అధికారి వాడిన సిరా ఆకుపచ్చనిదని ప్రజలకు తెలియనప్పుడు ఉత్తర్వుకు మన్నన ఎక్కడిది? వాపును చూసి బలుపనుకునే ఈ ధోరణికి మెగాబైట్లు మంచి కొలమానంగా ఉపకరిస్తున్నాయి.

పెద్ద నివేదికల విషయంలో ఈ కళ మరింత పరిణతి చెందింది. మామూలు పీడీఎఫ్‌లో ఏ పుట ఎక్కడున్నదీ తెలిపే పట్టిక ఫైలు చివరన ఉంటుంది కనుక, చాలా సందర్భాల్లో ఫైలంతా దిగితే గాని మొదటి పుట కనిపించదు. దీనికి విరుగుడుగా 1996 నాటి పీడీఎఫ్ 1.2 లీనియరైజేషన్‌ను, అంటే మొదటి పుటకు కావలసిన సామగ్రినంతా ఫైలు ముందుభాగంలో అమర్చే పద్ధతిని, తీసుకువచ్చింది. ఫలానా బైటు నుంచి ఫలానా బైటు వరకు చాలునని బ్రౌజరు కోరితే సర్వరు ఆ ముక్కనే 206 అనే సంకేతంతో పంపే ఏర్పాటు 1997 నాటి హెచ్‌టీటీపీ 1.1లోనే ఉంది. నాలుగు వందల పుటల నివేదికలో ఒక్క పట్టిక చాలనుకునే రైతుకు ఈ రెండూ కలిస్తే ఆ ఒక్క పుటే అందుతుంది. ఇందుకు టెండరు గాని, కమిటీ గాని అక్కరలేదు, సేవ్ చేసేటప్పుడు ఒక గడిలో టిక్కు పెడితే సరిపోతుంది. బహుశా టెండరు అక్కరలేకపోవడమే దాని ప్రధాన లోపం.

తెలుగు పత్రాలకు అదనపు రక్షణ కవచం ఒకటుంది. ప్రతి అక్షరానికీ ప్రపంచమంతటా ఒకే సంఖ్యను కేటాయించే యూనికోడ్ 1991లోనే తెలుగుకు చోటిచ్చినా, ఇంగ్లీషు అక్షరాల సంకేతాలకు తెలుగు రూపాలు తొడిగిన పాత ఫాంట్లతో కూర్చిన పుట కంటికి తెలుగుగానూ, యంత్రానికి అర్థంలేని ఇంగ్లీషు గుట్టగానూ తోస్తుంది. అందులో పట్టా అని వెతికితే పట్టా దొరకదు, పట్టాదారు అసలే దొరకడు.

సమాచారాన్ని ప్రజలకు సులభంగా అందుబాటులో ఉండే రూపంలో వ్యాప్తి చేయాలని 2005 నాటి సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ నిర్దేశిస్తుంది. ఆ సెక్షన్‌ను ఉటంకిస్తూ ఎవరైనా చదువుకోదగిన ప్రతి కావాలని దరఖాస్తు చేసుకుంటే, తాము కోరిన సమాచారం ఇదివరకే వెబ్‌సైటునందు ఉంచడమైనదని, చూసుకొనగలరని తెలిపే ప్రత్యుత్తరం, సంతకంతో, ముద్రతో, రంగుల్లో స్కాన్ అయి అందుతుంది.